నైవేద్యానికీ జాము లెక్క ఉంది

మా ఊరి రామాలయంలో శ్రీరామనవమి అన్నదానం వంట నేనే చూస్తాను. కల్యాణం ముగిసి చివరి బంతి లేచేసరికి పందిట్లో ఎండ సెగ. గుండిగలో అన్నం మిగిలిందంటే పెద్దవాళ్లు అనేది ఒకటే: "దేవుడికి నివేదించింది, ఏమీ కాదమ్మా. సాయంత్రం పంచు. పారేస్తే పాపం."

ఆ భక్తికి దండం పెడతాను, ఆ మాట మాత్రం ఒప్పుకోను. నివేదన అన్నాన్ని ప్రసాదం చేస్తుంది, ప్రకృతి ధర్మాన్ని రద్దు చేయదు. ఉడికిన అన్నంలోనూ బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బతికే ఉంటాయి. అన్నం 60 డిగ్రీల లోపుకి చల్లారి అలాగే ఉండిపోతే అవి పెరిగి విషం పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. గీత 17వ అధ్యాయం 10వ శ్లోకం కూడా వండి జాము, అంటే 3 గంటలు, గడిచిన తిండిని తామసమనే చెబుతుంది.

అన్నం పరబ్రహ్మమైతే, విస్తరి ముందు కూర్చున్న చంటిపిల్లలోనూ ఉన్నది ఆ బ్రహ్మమే. ఒకరిని గౌరవించడానికి ఇంకొకరిని బాధపెట్టలేం. పాపం పారేయడంలో కాదు, లెక్కలేకుండా వండడంలో మొదలవుతుంది. అందుకే బంతికి తగ్గట్టు విడతలుగా వండుతాం. మిగిలేలా ఉంటే పొగలు కక్కుతుండగానే ఇళ్లకు పంపేస్తాం. పానకానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడతాం. గడువు దాటింది మట్టికి ఇచ్చేస్తాం. అతిథి ప్రాణం పట్ల ఈ జాగ్రత్త కూడా రామసేవే.