భక్తుని ఋణము

ప్రభుత్వపు సొమ్ముతో గుడి కట్టించిన కంచెర్ల గోపన్న భక్తుడా, అపరాధియా? భద్రాచల యాత్రికులమగు మనము ఈ ప్రశ్నను తప్పించుకొని పోవుట పరిపాటి.

నేలకొండపల్లిలో జన్మించిన గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. గోదావరి యొడ్డున అడవిలో పోకల దమ్మక్క తాటియాకుల పందిరి క్రింద శ్రీరాముని కొలుచుచుండెనని ఐతిహ్యము. దినమెల్ల శిస్తు రొక్కము లెక్కించువానికి తన స్వామి ఎండవానలలో నుండుట యెంత దుస్సహమో మనస్తత్వశాస్త్రము చెప్పగలదు. చందాలిచ్చి, చాలనిచోట అధికారిని ప్రోత్సహించిన జనసమూహపు నడవడిని సమాజశాస్త్రము వివరింపగలదు.

నీతిశాస్త్రము మాత్రము ఒక్కటే యడుగును: ఆ సొమ్మెవరిది? రైతు చెమటోడ్చి కట్టినది, ప్రభువు నమ్మి యప్పగించినది. భక్తి ఆ వ్యయమునకు కారణమగునే గాని అనుమతి కాజాలదు. గుడి లెక్కలడిగినవానిని నాస్తికుడని గేలిచేయువారు ఈ కథను మరల వినవలెను.

1687లో గోల్కొండ పతనమగు వరకు ఏలిన తానీషా, గోపన్నను పండ్రెండేండ్లు చెరనుంచెనని ప్రతీతి. ఆ కీర్తనలలో గోపన్న సీతమ్మకు చేయించిన నగల వెలను సైతము స్వామికి ఎత్తిచూపెను. తహశీలుదారు అలవాటు చెరలోను పోలేదు!

ఇక స్వామి చేసినదేమి? సుల్తాను మనస్సు మార్చి బాకీ రద్దు చేయింపలేదు, సంకెళ్లు త్రెంపలేదు. తమ్మునితో రాత్రివేళ వచ్చి, ఆరు లక్షల వరహాలు లెక్కించి యిచ్చి, రశీదు వ్రాయించుకొనెనని కథ. తెల్లవారునప్పటికి ఆ చీటి గోపన్న తలక్రింద నుండెనట.