శత్రుసంతానానికై శోకం: 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' చిత్రంలో పాట, మౌనం

దాస్యంనుండి విముక్తి పొందిన జాతి, తనను అణచినవారి మరణానికి సంతోషించవచ్చునా అన్న ప్రశ్న నీతిమీమాంసలో ప్రాచీనమైనదే. ఆ మృతులలో పసిబిడ్డలు కూడ ఉన్నప్పుడు అది మరింత జటిలమవుతుంది. నిర్గమకాండం ఆధారంగా డ్రీమ్‌వర్క్స్ సంస్థ 1998లో వెలువరించిన 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' అనే యానిమేషన్ సంగీతచిత్రం పిల్లలూ పెద్దలూ కలిసి చూడడానికి ఉద్దేశించినది; అయినా ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. బ్రెండా చాప్‌మన్, స్టీవ్ హిక్నర్, సైమన్ వెల్స్ దీనికి దర్శకులు. పాటలు స్టీఫెన్ ష్వార్జ్ రచించినవి. సంగీతచిత్రంలో పాట ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది కళావిషయం మాత్రమే కాదు, నైతిక నిర్ణయం కూడ కాగలదు.

మూలానికీ చిత్రానికీ గల భేదాలలో ప్రధానమైనది బంధుత్వానికి సంబంధించినది. బైబిలులో మోషేను పెంచుకొన్నది ఫరో కుమార్తె. అతనితో వాదించిన ఫరోకు పేరైనా లేదు. చిత్రంలో ఆ ఫరో రామెసేసు. మోషేతో ఒకే అంతఃపురంలో అన్నదమ్ములుగా పెరిగినవాడు. కళాత్మకమైన స్వేచ్ఛ తీసుకొన్నామని చిత్రం ఆరంభంలోనే నిర్మాతలు ప్రకటించారు కనుక దీనిని దోషంగా ఎంచనక్కరలేదు. ఈ కల్పన ఏమి సాధించింది, దేనిని కోల్పోయింది అన్నదే విచార్యం.

ఫరో హృదయకాఠిన్యం మొదటి నిదర్శనం. మూలంలో తొలి తెగుళ్ల వేళ ఫరో హృదయం కఠినమైనదనీ, అతడే దానిని కఠినపరచుకొన్నాడనీ ఉంటుంది. ఆరవ తెగులు వద్ద మాత్రం యెహోవాయే దానిని కఠినపరచినట్లు కథకుడు చెబుతాడు. మారే అవకాశమే లేనివాడిని మారలేదని శిక్షించడం ఏ న్యాయం? పన్నెండవ శతాబ్దపు యూదు తాత్త్వికుడు మైమోనిడీస్ దీనికి ఒక సమాధానం చెప్పాడు: బుద్ధిపూర్వకంగా చేసిన పూర్వపాపాలకు పశ్చాత్తాప స్వాతంత్ర్యాన్ని కోల్పోవడమే శిక్ష కావచ్చు. చిత్రం ఇంత దూరం పోలేదు. తెగుళ్ల పాటలో రామెసేసు తన హృదయం కఠినం కావాలని తానే కోరుకొంటాడు. దీనివల్ల పాత్రకు బలం చేకూరింది. దైవన్యాయాన్ని గురించిన కష్టమైన ప్రశ్న మాత్రం ప్రేక్షకుని చేతినుండి జారిపోయింది.

తొలిచూలు బిడ్డలు మరణించే రాత్రి చిత్రణలో ఈ కృతి తన శక్తినంతటినీ చూపింది. అంతవరకు పలు కీలకఘట్టాలలో పలికిన పాట ఇక్కడ పూర్తిగా ఆగిపోతుంది. తెల్లని వెలుగు వీధులలో పాకడం, ఊపిరి పోయినట్లు వినిపించే చిన్న చప్పుడు, అంతే. తర్వాత రామెసేసు చనిపోయిన కుమారుని పడుకోబెట్టి వస్త్రం కప్పుతాడు. ఓదార్చబోయిన మోషేను దూరంగా పొమ్మంటాడు. బయటికి వచ్చిన మోషే గోడవద్ద కూలబడి ఏడుస్తాడు. నిర్గమకాండంలో ఈ ఏడుపు లేదు. ఐగుప్తు అంతటా లేచిన గొప్ప ఆక్రందన ఉంది గాని, దానిని విన్న మోషే ఏమనుకొన్నాడో లేదు.

ఈ కన్నీటి తర్వాతనే మిర్యాము గొంతు విప్పుతుంది. ఆస్కార్ పొందిన ఆ పాట మధ్యలో పిల్లలు హీబ్రూ మాటలు పాడతారు. అవి నిర్గమకాండం పదిహేనవ అధ్యాయంలోని సముద్రగీతంనుండి తీసుకొన్నవి. మూలంలో ఆ గీతం ఫరో సైన్యం మునిగిపోయిన తర్వాత పాడిన విజయగానం. చిత్రం దానిని సముద్రానికి ముందుకు జరిపింది; గుర్రాన్నీ రౌతునూ సముద్రంలో పడద్రోయడాన్ని కీర్తించే భాగాన్ని విడిచిపెట్టింది. అంటే విడుదలకు పాట ఉంది, శత్రువు చావుకు లేదు. సైన్యం మునిగిన తర్వాత ప్రజలు ఆనందిస్తున్నా, మోషే ఆవలి గట్టువైపు చూసి సోదరునికి వీడ్కోలు పలుకుతాడు. సంకలనంలో జరిగిన ఈ చిన్న మార్పు పెద్ద వ్యాఖ్యానాలకు తీసిపోదు.

యూదు సంప్రదాయానికి ఇది కొత్త కాదు. ఐగుప్తీయులు మునిగిపోతున్న వేళ దేవదూతలు గానం చేయబోగా, తన చేతిపనియైన జీవులు సముద్రంలో మునుగుతుంటే పాడతారా అని దేవుడు వారించినట్లు తాల్ముదులో ఒక కథ ఉంది. పస్కా విందులో ఒక్కొక్క తెగులు పేరు చెప్పినప్పుడు పాత్రనుండి ఒక్కొక్క ద్రాక్షారసపు చుక్క తీసివేసే ఆచారానికి కూడ, పరుల బాధవల్ల తమ ఆనందం కొంత తరుగుతుందన్నది ఒక వివరణ.

అయితే చిత్రానికీ ఈ కథకూ ఒక ముఖ్యభేదం కనిపిస్తుంది. మోషే ఏడ్చింది అన్న కుమారుని చావుకు. ప్రేక్షకుడు కరిగిందీ రామెసేసు సోదరుడు కనుకనే. భారతంలో దీనికి దగ్గరి సన్నివేశం ఉంది. తిక్కన తెనిగించిన స్త్రీపర్వంలో, జలతర్పణాల వేళ కర్ణుడు తన అన్న అని తెలిసిన తర్వాత ధర్మరాజు దుఃఖం మరొక లోతుకు దిగుతుంది. బంధుత్వం బయటపడకపోతే కర్ణుని చావు అతనికి విజయమే కదా! తాల్ముదు కథలో మునిగిన సైనికులు ఎవరికీ అన్నదమ్ములు కారు. వారు సృష్టింపబడినవారు కావడమే చాలింది.

మూలం ఈ విషయంలో చిత్రంకన్న కఠోరమైనది, ఒక విధంగా నిజాయితీ గలది కూడ. సింహాసనం మీది ఫరో బిడ్డనుండి దాసి బిడ్డవరకు అందరూ మరణిస్తారని అది ముందే చెబుతుంది. తెలుగు బైబిలులో ఆమె తిరగలి విసిరే దాసి. ఆ ఒక్క మాటతో ఆమె పని, అలసట, ఇల్లు కళ్లకు కడతాయి. చెరసాలలోని ఖైదీ బిడ్డనూ మూలం పేర్కొంటుంది. హెబ్రీయుల వంటి బానిసత్వంలోనే ఉన్న వీరు ఫరో నిర్ణయాలలో ఏ పాలూ లేనివారు. చిత్రం పితృశోకాన్నంతా రామెసేసు చేతులలో పోగుచేసింది. తిరగలి దాసికి ముఖం ఇవ్వలేదు. తొంభై తొమ్మిది నిమిషాల చిత్రంలో అన్నీ ఇమడవన్నది నిజమే. కాని ఎవరి శోకం ఇమిడింది, ఎవరిది ఇమడలేదు అన్నది నిడివికి సంబంధించిన లెక్క కాదు.

మోషే పలకలతో కొండ దిగడంతో చిత్రం ముగుస్తుంది. ఆ పలకలమీద లేకపోయినా, ద్వితీయోపదేశకాండం ఇరవైమూడవ అధ్యాయంలో ఈ చర్చకు సరిపడే ఒక విధి ఉంది. ఎదోమీయుని అసహ్యించుకోరాదనీ, ఐగుప్తీయుని అసహ్యించుకోరాదనీ అది ఒకేచోట చెబుతుంది. కారణాలు మాత్రం వేరువేరుగా ఇస్తుంది. ఎదోమీయుడు సహోదరుడు కనుక. ఐగుప్తీయుని విషయంలో ఆ మాట లేదు. అతని దేశంలో ఒకప్పుడు పరదేశిగా బ్రతికినందుకు అని మాత్రమే ఉంది.