మందు మానేయడం తవక్కుల్ కాదు

షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వేసుకోవడానికి మనం సిగ్గుపడం. మనసుకు జబ్బు చేస్తే మాత్రం దాచిపెడతాం. దాచలేక వైద్యం మొదలుపెట్టినా, నాలుగు రాత్రులు నిద్ర పట్టగానే 'బాగైపోయిందిలే' అని మాత్రలు మానిపిస్తాం.

ఒకసారి జుమా నమాజు తర్వాత ఒక తల్లి తన కొడుకును మా దగ్గరికి తీసుకొచ్చింది. మందులతో కుదుటపడి పనికి వెళ్తున్న యువకుడతను. "అల్లాహ్ మీద భరోసా ఉంటే మందులెందుకు?" అని బంధువులు అనడంతో మానేశాడట. కొన్ని నెలలకే నిద్ర పోయింది, అనుమానాలు తిరగబెట్టాయి. మేము దుఆ చేసి, మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పంపాం. ఆ బంధువులను మాత్రమే ఏమనగలం? ఈ సంగతి మింబరు మీద ఏనాడూ చెప్పని మాదీ తప్పే.

వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆదేశించారు. ముసలితనానికి తప్ప అల్లాహ్ ప్రతి రోగానికీ మందు ఉంచాడని తెలిపారు. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్ పై భారం వేయమన్నారు. అదే తవక్కుల్. కొంచెమైనా సరే, నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్ కు ఎక్కువ ఇష్టమనీ బోధించారు. రోజూ వేసుకునే మాత్రకూ ఆ నిలకడే కావాలి. కుంగుబాటు మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది. తేలిక పడ్డాక కూడా కొన్ని నెలలు వాడాలి. స్కిజోఫ్రేనియా వంటి జబ్బుల్లో మందు హఠాత్తుగా మానితే రోగం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

వైద్యానికి దూరం చేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి చూపింది. దర్గా సమీపంలోని ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక కాలిపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

కనుక ఇంటివారు రోగిని మందలించకుండా, మాత్ర వేళకు పక్కన కూర్చోవాలి. డాక్టరు చెప్పిన తేదీకి తోడు వెళ్ళాలి. మగతగా ఉందన్నా, ఒళ్ళు పెరుగుతోందన్నా ఆ మాట డాక్టరుకు చెప్పాలి. మందు మార్చే దారి ఉంటుంది. రమజాను రాకముందే మాత్రల వేళలు అడిగి తెలుసుకోవాలి. వ్యాధిగ్రస్తుడికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు ఖుర్ఆనే ఇచ్చింది. దారి తోచనప్పుడు 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీమానస్ ఉచితంగా సలహా ఇస్తుంది.

దుఆ ఆపకండి, మందూ ఆపకండి. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే. మన ఇళ్ళలోని రోగులకు ఆయన సంపూర్ణ స్వస్థతనూ, వారిని చూసుకునే వారికి సహనాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.