గడియారం వెనుక అక్షరాలు: జ్ఞాపకమా, మమకారమా?

చేతి గడియారం వెనుక మూత మీద పేరు, తేదీ, రెండు మూడు మాటలు చెక్కించి ఇవ్వడం పెళ్లిళ్లలోనూ ఉద్యోగ విరమణ సభల్లోనూ చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఆ అక్షరాలు పెట్టుకున్నవారి మణికట్టుకు ఆనుకుని ఉంటాయి తప్ప ఎదుటివారి కంట పడవు. చెక్కించాలా వద్దా అన్నది పైకి అభిరుచికి సంబంధించిన సంగతిలాగే ఉంటుంది. దాని అడుగున మాత్రం ధర్మశాస్త్రాలు ఏనాటి నుంచో తర్కిస్తున్న ప్రశ్న ఉంది. ఇచ్చేసిన వస్తువు మీద ఇచ్చినవారి గుర్తు మిగలవచ్చా? మిగిలితే దాన్ని కృతజ్ఞతకు సాక్ష్యం అనాలా, వదులుకోలేని మమకారం అనాలా?

చెక్కడమంటే లోహంలో లోతు చేయడం. సన్నని ఉలితో చేత్తో చెక్కినా, వజ్రపు మొన ఉన్న యంత్రంతో గీయించినా, లేజర్‌తో లోతుగా కాల్చినా, అక్షరం పడిన చోట లోహంలో గాడి పడుతుంది. తర్వాత దాన్ని చెరపాలంటే చుట్టూ ఉన్న భాగాన్నీ ఆ లోతు దాకా అరగదీయాలి. అప్పుడు మూత పలచబడుతుంది. అందుకే పని తెలిసినవారు మూతను విప్పి విడిగా చెక్కుతారు. తిరిగి బిగించేటప్పుడు నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగును సరిచూస్తారు. బంగారు పూత ఉన్న మూత మీద చెక్కితే పూత లేచి అడుగు లోహం బయటపడుతుంది. లోపలి యంత్రం కనిపించేలా వెనుక గాజు బిగించిన గడియారాల్లో చెక్కడానికి అంచు తప్ప చోటే ఉండదు. తెలుగులో చెక్కించేవారు మరొకటి గమనించాలి. ‘కృష్ణ’ లాంటి పేరును మరీ చిన్న సైజులో చెక్కితే వట్రుసుడి, వత్తు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మాటలు తగ్గించి అక్షరం సైజు పెంచడం మేలు. 1931లో పుట్టిన రివర్సో గడియారం ఈ అలవాటుకు బాగా కలిసొచ్చింది. భారతదేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల గడియారాల అద్దాలు పగలకుండా, ముఖాన్ని లోపలికి తిప్పేలా దాన్ని తయారుచేశారు. తిప్పినప్పుడు బయటికి వచ్చే ఖాళీ లోహపు పలక పేర్లు చెక్కించుకోవడానికి అనువైన చోటైంది.

చెక్కించడానికి వ్యతిరేకంగా చెప్పదగిన మొదటి మాట దానధర్మం నుంచి వస్తుంది. ధర్మశాస్త్రాలు దానానికి చెప్పిన లక్షణం స్పష్టమైనది: దాత తన స్వత్వాన్ని, అంటే సొంతహక్కును విడిచి, పుచ్చుకునేవారికి స్వత్వం కలిగించాలి. నీళ్లు వదిలి ధారపోయడం, యాగంలో ఆహుతి ఇస్తూ ఇది నాది కాదు అనడం ఆ విడుపుకే బయటి రూపాలు. ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడం దత్తాపహారం, మహాదోషం. ఈ కొలత పెట్టి చూస్తే, ఇచ్చినవారి పేరు చెక్కిన గడియారం మీద దాత స్వత్వం పూర్తిగా తొలగలేదనే చెప్పాల్సి వస్తుంది. పుచ్చుకున్నవారు దాన్ని మరొకరికి ఇవ్వలేరు, అమ్మలేరు, చేతిలో డబ్బాడని రోజున తాకట్టు పెట్టడానికి కూడా జంకుతారు. చేతికి పెట్టుకున్న ప్రతిసారీ బాకీ గుర్తుకొస్తుంది. ప్రతిఫలం ఆశించి ఇచ్చే దానాన్ని భగవద్గీత పదిహేడో అధ్యాయం రాజసం అంటుంది. నన్ను గుర్తుపెట్టుకో అని కోరడం కూడా ప్రతిఫలం కోరడమే కదా అని ఎవరైనా అడిగితే తేలిగ్గా జవాబు చెప్పలేం.

రెండో అభ్యంతరం పుచ్చుకునేవారి వైపు నుంచి వస్తుంది. పతంజలి చెప్పిన అయిదు యమాల్లో చివరిది అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టుకోకపోవడం, ఉన్నదాన్ని పట్టుకుని వేలాడకపోవడం. వస్తువు మీద పేరు పడగానే ఆ పట్టు బిగుస్తుంది. 1901లో దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి బయలుదేరిన గాంధీకి అక్కడి భారతీయులు బంగారు, వజ్రాల కానుకలు ఇచ్చారు. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని ఆత్మకథలో రాసుకున్నారు. సాదా జీవితం వైపు నడుస్తున్న ఇంట్లో బంగారు గడియారాలూ గొలుసులూ ఎవరు పెట్టుకోవాలని ఆయన బాధ. కస్తూర్బా ఒప్పుకోలేదు. ప్రేమతో ఇచ్చినవాటిని తిప్పి పంపడం సరికాదని, కోడళ్లకు పనికొస్తాయని, భర్త చేసిన సేవలో తన చాకిరీ కూడా ఉందని వాదించారు. చివరికి ఆ కానుకలన్నీ అక్కడి భారతీయుల అవసరాల కోసం ఒక ట్రస్టుకు చేరాయి. ఈ కథ చెప్పేవారు సాధారణంగా గాంధీ గెలుపుతో ముగిస్తారు. కస్తూర్బా వాదనను అలా దాటిపోవడం న్యాయం కాదు. కానుకలో ఇచ్చినవారి ప్రేమ కూడా ఒక భాగమే. వస్తువును త్యజించేటప్పుడు ఆ ప్రేమను కూడా తోసేస్తున్నామా అన్నది ఆమె అడిగిన అసలు ప్రశ్న.

చెక్కిన గుర్తు వస్తువును పెట్టుకున్నవారిదే కానక్కర్లేదు కూడా. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో బ్రిటన్ సైన్యానికి స్విస్ కంపెనీలు తయారుచేసి ఇచ్చిన చేతి గడియారాల వెనుక బాణం గుర్తు, మూడు డబ్ల్యూలు, ఒక సంఖ్య ఉండేవి. సైనికుడి పేరు ఉండేది కాదు. అతని మణికట్టుకు ఉన్న వస్తువు సర్కారుదే. ఇలా హక్కును చాటే చెక్కుడు వేరు, జరిగినదాన్ని నమోదు చేసే చెక్కుడు వేరు. ఈ తేడా పట్టుకుంటే తక్కిన విచారణ సులువవుతుంది.

నమోదు చేసే చెక్కుడుకు తెలుగు నేల మీద రెండు వేల ఏళ్ల వయసుంది. అమరావతి బౌద్ధ స్తూపానికి రాళ్లు ఇచ్చినవారి పేర్లు ఆ రాళ్ల మీదే బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. వారిలో సన్యాసినులున్నారు, వర్తకులున్నారు, గృహిణులున్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చాడు. తృష్ణ వదలమని బోధించిన ధర్మానికి చెందిన కట్టడం మీదే దాతల పేర్లున్నాయి. ఆ రాయిని విధికుడు తిరిగి అడగలేడు, అమ్ముకోలేడు. అక్కడ అతని పేరు రాయి మీద హక్కు చాటడం లేదు, తోలుపని చేసే మనిషి కూడా స్తూపానికి ఇచ్చాడన్న సంగతి చెబుతోంది. ఆ పేరే లేకపోతే చరిత్ర అతణ్ని లెక్కలోకి తీసుకునేదే కాదు.

ఇళ్లలోని స్టీలు సామాను ఇదే విషయాన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. కొట్టువాడు చేతిలో ఇమిడే చిన్న కరెంటు మిషన్‌తో గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొడతాడు. దాని అవసరం మొదట లెక్క కోసమే. శుభకార్యానికి పక్కింటికి వెళ్లిన గంగాళాలు, పళ్లేలు కలిసిపోకుండా ఇంటికి తిరిగి రావాలి. పెళ్లికి వచ్చిన బిందె మీద పుట్టింటివారి ఇంటిపేరు, పెళ్లి తేదీ ఉంటాయి. నలభై ఏళ్లు గడిచాక, ఇచ్చినవారు కాలం చేశాక, ఆ పేరు లెక్కకు పనికిరాదు. అయినా మనుమరాలు ఆ బిందెను పాత సామానుకు వేయనివ్వదు. హక్కు కోసం పడిన అక్షరం కాలం గడిచే కొద్దీ సాక్ష్యంగా మారింది. హెచ్.ఎం.టి., హైదరాబాద్ ఆల్విన్ గడియారాల వెనుక ఉద్యోగ విరమణ తేదీ చెక్కించుకున్నవారి ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. ఆ గడియారాలు తయారైన పాత కర్మాగారాలు చాలావరకు మూతపడ్డాయి. పిల్లలు మాత్రం వాటికి కీ ఇచ్చి నడిపించుకుంటున్నారు.

జ్ఞాపకాన్ని మనసుకే వదిలేస్తే చాలదా అన్న ప్రశ్నకు అబ్రహాం లింకన్ జేబు గడియారం మంచి జవాబు. 1861 ఏప్రిల్‌లో ఆ గడియారం వాషింగ్టన్‌లో మరమ్మతుకు వచ్చింది. అమెరికా అంతర్యుద్ధానికి నాంది పలికిన ఫోర్ట్ సమ్టర్ కోట మీది దాడి వార్త విన్న జొనాథన్ డిల్లన్ అనే పనివాడు లోపలి లోహం మీద ఒక సందేశం గీసి మూత బిగించేశాడు. లింకన్‌కు ఆ సంగతి తెలిసిన దాఖలా లేదు. 1906లో, వృద్ధాప్యంలో, డిల్లన్ ఈ విషయం ఒక పత్రికకు చెప్పాడు. తొలి తుపాకి పేలిందని, బానిసత్వం చచ్చిందని, ఆ ప్రయత్నమైనా చేసే అధ్యక్షుడు ఉన్నందుకు దేవుడికి కృతజ్ఞతలని రాసినట్టు ఆయనకు గుర్తు. 2009 మార్చిలో అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో మూత తెరిచారు. అక్షరాలున్నాయి. తిరుగుబాటుదారులు దాడి చేశారని, మనకు ప్రభుత్వం ఉన్నందుకు దేవుడికి కృతజ్ఞతలని ఉంది. బానిసత్వం అన్న మాట లేదు, అధ్యక్షుడి ప్రస్తావనా లేదు. డిల్లన్ అబద్ధమాడాడని దీనికి అర్థం కాదు. నలభై అయిదేళ్లలో, యుద్ధం ఎలా ముగిసిందో తెలిసిన మనసు, తొలిరోజు మాటల్ని పెద్దవి చేసుకుంది. లోహం మాత్రం ఆనాటి మనిషిని ఆనాటి మాటతోనే ఉంచింది. అందులో తప్పు కూడా నిలిచిపోయింది. దాడి మొదలైంది ఏప్రిల్ 12న, డిల్లన్ రాసింది 13. చెక్కించేవారు తేదీని, పేరు వర్ణక్రమాన్ని కాగితం మీద రాసి రెండుసార్లు చూసుకోవాలనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

డబ్బు సంగతి కొద్దిమాటల్లో చెప్పవచ్చు. తెలియనివారి పేరున్న గడియారానికి మళ్లీ అమ్మేటప్పుడు సాధారణంగా ధర తగ్గుతుంది. ప్రసిద్ధులదైతే పెరుగుతుంది. నటుడు పాల్ న్యూమన్‌కు భార్య జోఆన్ వుడ్వర్డ్, జాగ్రత్తగా నడుపు అన్న హెచ్చరికను చెక్కించి ఇచ్చిన రోలెక్స్ 2017లో న్యూయార్క్ వేలంలో సుమారు 1 కోటి 77 లక్షల డాలర్లు పలికింది. ఆ గడియారాన్ని న్యూమన్ అంతకు చాలా ఏళ్ల ముందే తన కుమార్తె స్నేహితుడికి ఇచ్చేశాడు. భార్య మాటలున్నాయని దాచుకోలేదు. చెక్కిన గడియారాన్ని ఇతరులకు ఇవ్వలేరన్న మొదటి అభ్యంతరానికి ఇది ఎదురు సాక్ష్యం. మమకారం మనిషిలో ఉంటుంది, అక్షరం దాన్ని పుట్టించదు.

బౌద్ధుల నుంచి మరో ప్రశ్న వస్తుంది. మిలిందపన్హ అనే గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు రథాన్ని చూపి, ఇరుసు రథమా, చక్రం రథమా అని మిలింద రాజును అడుగుతాడు. ఏ ఒక్క భాగమూ రథం కాదు, రథం అనేది వాడుకలో ఉన్న పేరు మాత్రమే. గడియారంలోనూ స్ప్రింగు మారుతుంది, ముళ్లు మారతాయి, అద్దం, పట్టీ మారతాయి. అలాంటిదాని మీద శాశ్వతమని పేరు చెక్కించడం అర్థం లేనిదని వాదించవచ్చు. అయితే చెక్కిన మాట గడియారం నిత్యమని చెప్పడం లేదు. ఫలానా రోజున ఫలానావారు ఇచ్చారని చెబుతోంది. భాగాలన్నీ మారినా ఆ రోజు జరిగినది మారదు. అందువల్ల అనిత్యవాదం కాపాడుకోవాలన్న ఆరాటాన్ని ఖండిస్తుంది, నమోదును ఖండించదు.

దైవనామాల విషయం వేరు. ఇక్కడ సంప్రదాయాలు చాలా జాగ్రత్త కోరతాయి. ప్రవక్త ముహమ్మద్ ముద్రగా వాడిన ఉంగరం మీద మూడు వరుసల్లో అల్లాహ్ పేరు కూడా ఉండేది. అలాంటి ఉంగరంతో మరుగుదొడ్డికి వెళ్లకూడదని ఇస్లామీయ న్యాయవేత్తలు చెప్పారు. తీయడం కుదరకపోతే అక్షరాలను అరచేతి వైపు తిప్పుకోమన్నారు. యూదు ధర్మంలో రాసిన దైవనామాన్ని చెరపడం నిషిద్ధం, కాబట్టి అరిగిపోయే చోట చెక్కించడమే సమస్య. వేంకటేశ్వరుడి నామాలున్న గడియారాలు పెట్టుకునే హిందువులకూ మడి, మైల పట్టింపు ఉంటే ఇదే ఇబ్బంది. వెనుక మూత చెమటలో నానుతుంది, మరమ్మతుకు వెళ్లినప్పుడు దాని మీద గీతలు పడతాయి. దేవుడి పేరు అక్కడ ఉండదగినది కాదు. ఆశీర్వాదం మనిషి నోటితో చెప్పి, మూత మీద మనుషుల పేర్లే చెక్కించడం మంచిది.

ఇవన్నీ తూచి చూస్తే చెక్కించడం వైపే మొగ్గాలి, కానీ కొన్ని షరతులున్నాయి. పుచ్చుకునేవారిని ముందు అడగాలి. వద్దంటే నొచ్చుకోకూడదు. మాటల్లో ఆజ్ఞ, ప్రమాణం, ఎప్పటికీ అన్న ఒట్టు ఉండకూడదు. ఇద్దరి పేర్లు, ఊరు, తేదీ చాలు. బంధం చెడినా, చేతులు మారినా ఆ నాలుగు ముక్కలు అబద్ధం కావు. తండ్రి గడియారం కొడుక్కో కూతురికో వచ్చినప్పుడు పాత పేరును అరగదీయించకూడదు. చోటుంటే దాని కింద కొత్త పేరు, సంవత్సరం వేయించుకోవచ్చు. చోటు లేకపోతే పాత పేరుతోనే పెట్టుకోవాలి.