విస్తరాకు ఎత్తేదెవరు?



శ్రీహరికోట నుండి రాకెట్టు లేచే రోజున మన విచారణల్లో పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. 1971 అక్టోబరు 9న అక్కడ తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2022లో జిల్లాలు మారి ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరింది గాని, మన నోటికి అది నేటికీ నెల్లూరు శ్రీహరికోటే. తుపాను కబురు ముందుగా అందడంలో ఉపగ్రహాల మేలు ఎంతో మన పల్లెకారులకు తెలుసు. కనుక విజ్ఞానాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు.

అయితే విందు ముగిశాక విస్తరాకు ఎవరు ఎత్తాలి?

సూళ్లూరుపేట నుండి దీవికి వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు దిగేది ఆ నీళ్లలోనే. దీవి అడవిలో తరతరాలుగా బ్రతికిన యానాదుల ఊళ్లు కేంద్రం రాకతో కదిలిపోయాయి. (ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఉండదు.) పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం రెండు నిముషాల లోపే మండిపోతుంది. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడు ఉంటుంది, తేమ తగిలితే అది ఆమ్లమే. రెండో దశలో వాడే హైడ్రజీన్ రకపు ఇంధనం విషం.

సంతోషమేమంటే, శాస్త్రజ్ఞులే ఇప్పుడు విస్తరాకు సంగతి ఆలోచిస్తున్నారు. 2024 జనవరి 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ చివరి దశను, పని ముగిశాక 650 కిలోమీటర్ల ఎత్తు నుండి 350కి దించి, మిగిలిన ఇంధనం ఖాళీ చేశారు. మార్చి 21న అది వాతావరణంలోకి వచ్చి అంతమైంది. 2030 నాటికి అంతరిక్షంలో చెత్త మిగల్చని ప్రయోగాలే చేయాలని ఇస్రో లక్ష్యం పెట్టుకొన్నది. ఆకాశం మీద చూపే ఈ శ్రద్ధ పులికాట్ నీటి మీద కూడా ఉండాలని కోరడం అత్యాశా?

క్రియ మంచిదనాలంటే ఉద్దేశం ఒక్కటే చాలదు, చేసే పని, దాని పరిస్థితులు కూడా మంచివై ఉండాలని పునీత తోమాసు అక్వీనాసు వారు నేర్పారు. పర్యావరణానికి కలిగే హానిని పథకం గీశాక కాదు, మొదటి నుండే లెక్కించాలని 2015లో నాటి జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు తమ ‘లౌదాతో సి’ విశ్వలేఖలో కోరారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు సైన్సు చదువుతున్నారు. మార్కులు అడిగే నోటితోనే, ప్రాక్టికల్స్‌లో మిగిలిన ద్రావణం ఎక్కడ పోశారో కూడా అడగండి. సింకులో పోశామంటే, ఆ గొట్టం ఏ కాలువలో కలుస్తుందో లెక్చరరు గారిని అడిగి రమ్మనండి.