మనవాళ్ళు అంటే ఎవరు?



పై చదువులకు విదేశాలకు వెళ్ళిన బిడ్డలు ఉన్న కుటుంబాలు ఇప్పుడు మన విచారణల్లో చాలానే ఉన్నాయి. బిడ్డను సాగనంపుతూ తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "అక్కడ మనవాళ్ళు ఎవరున్నారో చూసుకుని, వాళ్ళతోనే ఉండు." ప్రేమతో చెప్పే మాటే, తప్పుపట్టవలసినది కాదు. కాని ఇందులో "మనవాళ్ళు" అంటే ఎవరు? ఈ ప్రశ్నను నేడు కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

కెనడాలోని టొరంటో నగరాన్నే తీసుకోండి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరవాసుల్లో నూటికి దాదాపు 47 మంది వేరే దేశాల నుండి వచ్చి స్థిరపడినవారే. భిన్న సంస్కృతుల సహజీవనాన్ని కెనడా 1971లో ప్రభుత్వ విధానంగా ప్రకటించి, 1988లో చట్టం చేసింది. అంతటి నగరంలో దిగిన విద్యార్థిని మొదట బాధించేది చలి కన్నా, చదువు కన్నా గది సమస్య. అద్దెలు ఎక్కువ. కళాశాల వసతిగృహాల్లో అందరికీ చోటు దొరకదు. అందుచేత చాలామంది స్కార్‌బరోలోనో, పొరుగున ఉన్న బ్రాంప్టన్‌లోనో ఏదో ఒక ఇంటి బేస్‌మెంటులో నలుగురు కలిసి అద్దె పంచుకుంటారు.

తల్లిదండ్రులు తెలుసుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 30 నుండి చాలా రకాల అద్దె ఇళ్ళకు ప్రభుత్వం నిర్దేశించిన ఒప్పంద పత్రమే వాడాలి. యజమాని డిపాజిట్టుగా ఒక్క నెల అద్దె మాత్రమే పుచ్చుకోవచ్చు. అదీ చివరి నెల అద్దెకు జమ కావాలి. మరమ్మతుల పేరుతో వేరే డిపాజిట్టు అడగరాదు. గది చూడకుండా ఇక్కడి నుండే డబ్బు పంపడం క్షేమం కాదు. మొదటి రెండు మూడు వారాలకు తాత్కాలిక బస కుదుర్చుకుని, కళ్ళారా చూసి ఒప్పుకోవడం మేలు.

ఇవి జాగ్రత్తలు. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. గదిలో ఒక మంచం ఖాళీ అయింది. "తెలుగువారైతే మంచిది" అని కబురు పెడతారు. ఒకడు ఫోన్ చేస్తాడు. ముందు ఏ జిల్లా అని అడుగుతారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు విన్నాక, "అయ్యో, ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశామండీ" అంటే, ఆ కుర్రవాడికి అర్థం కానిదేముంది? కులం సముద్రాలు దాటదని అనుకోవద్దు. ఒంటారియో మానవ హక్కుల సంఘం కుల వివక్ష గురించి ప్రత్యేకంగా ఒక విధాన ప్రకటన చేయవలసి వచ్చింది. అది 2023 అక్టోబరులో.

"కలిసి ఉండేవాళ్ళం, మాకు నచ్చినవాళ్ళను ఎంచుకునే హక్కు లేదా?" అని అడగవచ్చు. ఉంది. అక్కడి చట్టం జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధిస్తుంది గాని, యజమాని కుటుంబంతో వంటగదినో స్నానాలగదినో పంచుకోవలసిన చోట ఆ నిషేధాన్ని వర్తింపజేయదు. వంటగది వరకు వచ్చి చట్టం ఆగిపోయింది. అంతమాత్రాన అక్కడ నీతి కూడా ఆగిపోతుందా? చట్టం తప్పుకున్న చోటనే మనస్సాక్షికి పని ఎక్కువ.

దగ్గరివారిని ఎక్కువగా ప్రేమించడం సహజమేనని, అది ధర్మమేనని పునీత తోమాస్ అక్వినాస్ కూడా బోధించాడు. కొత్త ఊళ్ళో మన భాష, మన పప్పుచారు వెదుక్కోవడంలో దోషం లేదు. కాని దగ్గరితనం ఒకరిని చేర్చుకోవడానికి కారణం కావడం వేరు, ఇంకొకరిని గెంటివేయడానికి కారణం కావడం వేరు. కలిసి ఉండబోయేవాణ్ణి అడగవలసిన ప్రశ్నలు లేకపోలేదు. అద్దె వేళకు ఇస్తావా? పొగ తాగుతావా? రాత్రి షిఫ్టు పని చేస్తావా? ఏం వండుకుంటావు? ఇవన్నీ నడవడికి సంబంధించినవి, జవాబు చెప్పదగినవి. అంట్లు తోమే వంతు వచ్చినప్పుడు ఎవరు తప్పించుకుంటారో ఇంటిపేరు చెప్పదు గదా!

కలిసి ఉప్పు తిన్న తర్వాతే మనుషులు ఒకరికొకరు తెలుస్తారనే సామెతను అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో గుర్తుచేస్తాడు. అవసరం కోసం కలిసిన స్నేహం అవసరం తీరగానే విడిపోతుందనీ, మంచితనం చూసి కుదిరిన స్నేహమే నిలుస్తుందనీ ఆయన వివరించాడు. గదిలో సగం అద్దె కోసం కలిసినవారు మొదటి రకం. వారు రెండవ రకంగా మారాలంటే ఉప్పు తినే అవకాశం ముందు ఇవ్వాలి. తలుపు దగ్గరే తీర్పు చెప్పినవాడు ఎదుటివాణ్ణి ఎన్నటికీ తెలుసుకోలేడు.

ఈ మాట మనకు మనమే చెప్పుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో గది కోసం తిరిగిన మన బిడ్డలను ఇంటివారు "మీరెవరండీ?" అని అడిగితే, పేరు చెబితే సరిపోదని మనకు తెలుసు. ఆ ప్రశ్న ఎంత లోతుగా గుచ్చుకుంటుందో తెలిసిన కుటుంబాలు మన గుళ్ళలోనే ఉన్నాయి. ఒకే పీఠం ముందు మోకరించి, బయటికి వచ్చాక అదే ప్రశ్న అడిగేవాళ్ళూ మనలో ఉన్నారు. నా పొరుగువాడు ఎవడని అడిగిన ధర్మశాస్త్ర బోధకుడికి ప్రభువు ఒక జాబితా ఇవ్వలేదు. గాయపడినవాడికి పొరుగువాడుగా నిలిచింది ఎవరని తిరిగి అడిగాడు. "మనవాళ్ళు" అనే మాటకూ అదే వర్తిస్తుంది. వారు ముందే ఉండరు, మనం చేర్చుకుంటే అవుతారు.

ఈ ఆదివారం బిడ్డతో ఫోనులో మాట్లాడేటప్పుడు తిన్నావా, నిద్రపోతున్నావా అని ఎలాగూ అడుగుతారు. ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి: "మీ గదిలో మంచం ఖాళీ అయినప్పుడు ఎవరికి లేదన్నారు, ఎందుకు లేదన్నారు?"