అపాయమును దెలుపువాని రక్షణము

దోషముఁ జూపినవాఁడు ద్రోహియా, హితుఁడా? నడిసముద్రమున చమురు వేదికపైఁ బనిచేయువాని కిది తర్కము గాదు, ప్రాణప్రశ్నము. అచ్చట నగ్ని పుట్టినచోఁ బాఱిపోవఁ దావు లేదు.

1988 జూలై 6వ తేది రాత్రి ఉత్తరసముద్రమునందలి పైపర్ ఆల్ఫా వేదిక తగులఁబడి 167 మంది మడిసిరి. మరమ్మతునకై రక్షణకవాటము తీసివేసిన పంపును, ఆ సంగతి యెఱుఁగని రాత్రిపనివారు నడపుటయే కారణమని కల్లెన్ ప్రభువు విచారణమునఁ దేలెను. పిమ్మట 1992లో, భద్రతాప్రతినిధిని తన విధి నెఱవేర్చినందుకుఁ బనినుండి తొలగింపరాదని బ్రిటిషు పార్లమెంటు శాసించెను. అమెరికాలో 2010లో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయిన పిమ్మట, హెచ్చరించు పనివారి రక్షణమునకై ప్రతినిధిసభ యొక బిల్లు నంగీకరించెను గాని, అది శాసనము కాలేదు.

ప్రతివాఁడు నభియోగము దెచ్చినఁ బని సాగునా యని కొందఱందురు. అసత్యమైన హెచ్చరిక విచారణమునఁ దేలిపోవును. అణఁచఁబడిన సత్యము ప్రాణములు పోయినఁ గాని బయటపడదు.

అయినను శాసన మొక్కటియే చాలదు. గుత్తపనివానిని తొలగింప నక్కఱలేదు. మరల పిలువకున్నఁ జాలును. ఉత్తరసముద్రపుఁ బనివారు చిరకాలము వెఱచినది దీనికే. కావునఁ బిలువకుండుటకుఁ గారణము చూపు భారము యజమానునిపై నుండవలెనని మా తలంపు. నోరు నొక్కి, పిదప నేల చెప్పవైతివని యడుగుట న్యాయమా? ఆ చమురును వాడుకొను మనమందఱమును యోచింపవలయును.